ఖరగ్‌పూర్ సమ్మె నుంచి రాష్ట్రపతి భవన్‌కు
వి.వి.గిరి జీవితాన్ని మలుపు తిప్పిన శాసనసభల ఫలితాలు

ఖరగ్‌పూర్: శాసనసభ ఎన్నికల ఫలితాలు రాష్ట్రంలో ప్రభుత్వం ఎవరిదో తేలుస్తాయి. అవే ఫలితాలు దేశానికి రాష్ట్రపతి ఎవరో తేల్చడంలోనూ కీలకం కాగలవని 1969లో రుజువైంది. ఆ ఏడాది ఆగస్టులో కాంగ్రెసు అధికార అభ్యర్థిని ఓడించి, ఏ పార్టీ టికెట్టూ లేకుండా స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి పదవిని గెలుచుకున్న వరాహగిరి వెంకటగిరి, అంతకు నాలుగు దశాబ్దాల ముందు పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో కార్మికులను సమ్మెబాటలో నడిపిన తెలుగు న్యాయవాది.

ఆయన రాజకీయ జీవితంలో ఒక విచిత్రం ఉంది. 1937లో మద్రాసు రాష్ట్రాన్ని ఏలుతున్న ప్రాంతీయ పక్షం నాయకుడిని ఓడించి ఆయన శాసనసభలో ప్రవేశించారు. ఆ పక్షానికి వారసురాలైన మరొక ప్రాంతీయ పక్షం శాసనసభ్యుల ఓట్లు 32 ఏళ్ల తరువాత ఆయనను రాష్ట్రపతి భవన్‌కు చేర్చడానికి తోడ్పడ్డాయి. ఆ పదవిలో కుదురుకున్న ఏడాదికే ఇంకొక ప్రాంతీయ పక్షం నాయకుని ప్రభుత్వాన్ని తొలగించే ఉత్తర్వుపై ఆయన సంతకం చేయవలసి వచ్చింది.

బరంపురం నుంచి డబ్లిన్‌కు

గిరి 1894 ఆగస్టు 10న అప్పటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. తల్లి సుభద్రమ్మ. బరంపురంలో చదువు పూర్తి చేసుకున్న గిరి 1913లో న్యాయశాస్త్ర విద్య కోసం ఐర్లండ్ రాజధాని డబ్లిన్ వెళ్లారు.

బ్రిటిష్ పాలనను వదిలించుకోవడానికి ఐర్లండ్ ప్రజలు తిరుగుబాటుకు సిద్ధపడుతున్న రోజులవి. కార్మికోద్యమాన్నీ, జాతీయోద్యమాన్నీ ఒకే తాటిపై నడిపిన జేమ్స్ కనోలీ ప్రభావం తెలుగు విద్యార్థిపై గాఢంగా పడింది. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు చెలరేగి అణగారిపోయింది. కనోలీని కాల్చి చంపారు. పోలీసుల అనుమానానికి గురైన గిరి అదే ఏడాది ఐర్లండ్ విడిచి స్వదేశానికి రావలసి వచ్చింది. న్యాయవాద పట్టాతో పాటు కార్మికులను కూడగట్టాలన్న సంకల్పం కూడా ఆయన వెంట వచ్చింది.

బరంపురంలో న్యాయవాద వృత్తి చేపట్టి, అనీబిసెంట్ హోంరూల్ ఉద్యమంలో పాల్గొన్నారు. గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపు ఇవ్వగానే వృత్తిని వదలుకున్నారు. 1922లో మద్యం దుకాణాల ముందు పికెటింగ్ చేసి అరెస్టయ్యారు.

బి.ఎన్.ఆర్. రైలు పట్టాలపై

బరంపురం మీదుగా పోయే రైలు మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వేది. బి.ఎన్.ఆర్. అని జనం పిలిచిన ఈ కంపెనీ హౌరా, నాగపూర్, మద్రాసు కోస్తా దిశల నుంచి వచ్చే తన మార్గాలను ఖరగ్‌పూర్‌లో కలిపింది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఇక్కడ భారీ వర్క్‌షాపును నెలకొల్పింది. ఇంజన్లు, బోగీల మరమ్మతుకు వేలాది చేతులు కావలసి వచ్చాయి. వాల్తేరు దాకా అదే కంపెనీ రైళ్లు నడుస్తున్నందున విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి తెలుగువారు పెద్ద సంఖ్యలో వలస వచ్చారు. బెంగాలీలు, ఒడియాలు, బీహారీలతో కలిసి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డారు. బెంగాల్‌లో తెలుగు వినిపించే పట్టణంగా ఖరగ్‌పూర్ ఆనాటి నుంచే పేరు పొందింది.

ఇటువంటి పట్టణంలో కార్మికుల భాష తెలిసిన న్యాయవాది అవసరం ఎంతైనా ఉంది. యాజమాన్యం నోటీసులు ఇంగ్లీషులో ఉండేవి. వాటిని చదివి, అర్థం చెప్పి, అదే ఇంగ్లీషులో తిరిగి జవాబు ఇవ్వగలిగినవారు కార్మికుల్లో బహు తక్కువ. బి.ఎన్.ఆర్. కార్మిక సంఘాన్ని బలపరచడంలో గిరి పాత్ర అలా మొదలైంది. 1920 దశకం ఆరంభంలో ఏర్పడిన అఖిల భారత రైల్వే కార్మికుల ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయన ఒకరు. చాలాకాలం దానికి ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు.

1927లో ఖరగ్‌పూర్ రెండుసార్లు అట్టుడికింది. ఫిబ్రవరిలో మొదలైన సమ్మె మార్చి వరకు సాగింది. ఆ గాయం మానకముందే వర్క్‌షాపులో వెయ్యిమందికి పైగా కార్మికులు అదనంగా ఉన్నారంటూ కంపెనీ వారిని తొలగించడానికి పూనుకుంది. సెప్టెంబరులో కార్మికులు ప్రతిఘటించారు. కంపెనీ లాకౌట్ ప్రకటించింది. డిసెంబరు వరకు వర్క్‌షాపు తలుపులు తెరుచుకోలేదు. మూడు నెలల పాటు జీతాలు లేని కుటుంబాలను చెదరిపోకుండా నిలపడం, హింసకు తావులేకుండా చూడడం, మరోవైపు యాజమాన్యంతో సంప్రదింపులు సాగించడం నాయకత్వానికి కత్తిమీద సాము అయింది. చివరకు కంపెనీ కొంత దిగిరాక తప్పలేదు. అహింసాయుత సమ్మెతో ఒక రైల్వే కంపెనీని చర్చలకు రప్పించిన సంఘటనగా ఇది దేశ కార్మికోద్యమ చరిత్రలో నిలిచింది.

సమ్మె ఆయుధాన్ని చేతిలో ఉంచుకుని చర్చలతోనే సమస్యను తేల్చుకోవాలన్న పద్ధతి గిరికి ఇక్కడే అలవడింది. కోర్టులూ, ట్రిబ్యునళ్లూ తీర్పు చెప్పేకంటే యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని ఒప్పందానికి రావడం మేలని ఆయన జీవితాంతం నమ్మారు. ఆయన కేంద్ర మంత్రి అయిన తరువాత ఈ వాదనకు గిరి విధానం అన్న పేరు స్థిరపడింది. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశానికి, 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి ఆయన కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1934లో కేంద్ర శాసనసభ సభ్యులయ్యారు.

బొబ్బిలిలో సంచలనం

కార్మిక నాయకుడికి దేశవ్యాప్తంగా పేరు తెచ్చినది 1937 నాటి మద్రాసు శాసనసభ ఎన్నిక. అప్పటికి మద్రాసులో అధికారం జస్టిస్ పార్టీ చేతిలో ఉంది. 1916లో పుట్టిన ఈ పక్షం 1920లో తొలి మంత్రివర్గాన్ని ఏర్పాటు చేసింది. బ్రాహ్మణేతరుల ప్రాతినిధ్యం కోసం పుట్టినా క్రమేణా జమీందార్ల ప్రాబల్యం కిందకు పోయింది. 1932లో బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు ప్రభుత్వాధినేత అయ్యారు.

ఆ బొబ్బిలి రాజా మీద ఆయన సొంత గడ్డపైనే పోటీకి కాంగ్రెసు గిరిని నిలిపింది. ఆస్తి, పన్నుల అర్హత ఉన్నవారికే ఓటు హక్కు ఉన్న కాలమది. సంస్థానం అధికారులు, సిబ్బంది, ధనం రాజా వెనుక ఉన్నాయి. శిస్తు భారంతో విసిగిన రైతులు, జాతీయోద్యమం వైపు మొగ్గిన విద్యావంతులు గిరి వెనుక నిలిచారు. ఫలితం వెలువడినప్పుడు రాజా ఓడిపోయారు. జమీందారీ ప్రాంతంలో జమీందారే, అందునా ప్రభుత్వాధినేతే ఓడిపోవడం ఆనాడు పెద్ద సంచలనం.

ఈ ఓటమి ఒక్క బొబ్బిలికి పరిమితం కాలేదు. 215 స్థానాల శాసనసభలో కాంగ్రెసు 159 గెలుచుకున్నది. పదిహేడేళ్లలో ఎక్కువ కాలం అధికారం చెలాయించిన జస్టిస్ పార్టీ మళ్లీ కోలుకోలేదు. 1944లో పెరియార్ రామస్వామి నాయకత్వంలో అది ద్రావిడ కళగంగా మారింది. 1949లో దాని నుంచి చీలి అణ్ణాదురై డి.ఎం.కె.ను స్థాపించారు. జమీందార్ల పక్షం ఓడిపోయినా, అది లేవనెత్తిన ప్రాంతీయ వాదం మాత్రం సామాన్య ప్రజల పక్షంలో కొత్త రూపంతో బతికింది.

రాజాజీ మంత్రివర్గంలో గిరి కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి అయ్యారు. యుద్ధానికి దేశాన్ని అడగకుండా లాగినందుకు నిరసనగా 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేసినప్పుడు పదవి వదిలారు. క్విట్ ఇండియా ఉద్యమకాలంలో జైలులో గడిపారు. 1946లో మళ్లీ శాసనసభకు ఎన్నికై ప్రకాశం పంతులు మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా పని చేశారు. స్వాతంత్ర్యానంతరం 1951 వరకు సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా ఉన్నారు.

రాజీనామా, ఓటమి

1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో శ్రీకాకుళం ప్రాంతంలోని పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన గిరిని నెహ్రూ కేంద్ర కార్మిక మంత్రిగా తీసుకున్నారు. రెండేళ్లకే పరీక్ష ఎదురైంది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. ఆ నిర్ణయాన్ని సమర్థించలేక గిరి 1954లో మంత్రిపదవికి రాజీనామా చేశారు. ఖరగ్‌పూర్‌లో కార్మికుల పక్షాన నిలిచిన మనిషి ఢిల్లీలోనూ మారలేదని కార్మిక సంఘాలు హర్షించాయి.

1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఆయన పరాజయం పాలయ్యారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు రిజర్వు కాగా మరొకటి జనరల్. ఓట్ల లెక్కింపులో ఇద్దరు గిరిజన అభ్యర్థులే మొదటి రెండు స్థానాలలో నిలిచారు. జనరల్ స్థానం గిరిజన అభ్యర్థికి చెందదంటూ గిరి వేసిన వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రిజర్వేషన్ ఉన్న వర్గం అభ్యర్థి ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటే జనరల్ స్థానం కూడా ఆయనదేనని 1959లో తీర్పు వచ్చింది. రిజర్వేషన్ చట్టంలో ముఖ్యమైన తీర్పుగా అది ఇప్పటికీ గుర్తుండిపోయింది.

అప్పటికే ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరు. 1960లో కేరళకు, 1965లో మైసూరుకు గవర్నరుగా వెళ్లారు. కేరళలో ఉండగా ప్రాంతీయ పక్షాల బలం ఏమిటో ఆయనకు దగ్గరగా తెలిసివచ్చింది. 1964లో కాంగ్రెసు శాసనసభ్యులు కొందరు చీలి కేరళ కాంగ్రెసును ఏర్పరచడంతో ప్రభుత్వం కూలింది. 1965 మార్చి ఎన్నికల్లో 133 స్థానాలకు గాను మార్క్సిస్టులకు 40, కాంగ్రెసుకు 36 రాగా, ఏడాదైనా నిండని కేరళ కాంగ్రెసు ఇరవైకి పైగా గెలుచుకుంది. ఎవరికీ మెజారిటీ లేదు. ఎన్నికైన శాసనసభ ఒక్కరోజు కూడా సమావేశం కాకుండానే రద్దయింది. రాష్ట్రపతి పాలన కొనసాగింది.

ఫలితాలు మార్చిన లెక్క

1967 మే నెలలో గిరి ఉపరాష్ట్రపతి అయ్యేనాటికి దేశ రాజకీయ చిత్రపటమే మారిపోయింది. ఆ ఏడాది ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 234 స్థానాలలో డి.ఎం.కె. 137 గెలిచింది. కాంగ్రెసు 51కి పడిపోయింది. 30 ఏళ్ల క్రితం బొబ్బిలిలో నేలకూలిన పక్షం మనుమరాలు మద్రాసు గద్దెనెక్కింది.

1969 ఫిబ్రవరిలో జరిగిన మధ్యంతర ఎన్నికలు ఈ ధోరణిని మరింత బలపరిచాయి. పంజాబ్‌లో 104 స్థానాలకు గాను అకాలీదళ్ 43, కాంగ్రెసు 38 గెలిచాయి. పశ్చిమ బెంగాల్‌లో 280 స్థానాలకు గాను యునైటెడ్ ఫ్రంట్ 214 గెలుచుకోగా కాంగ్రెసు 55కే పరిమితమైంది. ఫ్రంట్‌లో 80 స్థానాలతో మార్క్సిస్టులే పెద్ద పక్షమైనా, ముఖ్యమంత్రి పదవి 33 స్థానాలు వచ్చిన బంగ్లా కాంగ్రెసు అధినేత అజయ్ ముఖర్జీకి దక్కింది. కాంగ్రెసు నుంచి చీలిన ఈ ప్రాంతీయ పక్షానికి ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ జిల్లా గట్టి పునాది.

మూడు నెలలు తిరగకుండానే ఈ ఫలితాలకు కొత్త విలువ వచ్చింది. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించారు. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. కాంగ్రెసులో సిండికేట్‌గా పేరుపడిన పెద్దలు నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించారు. ప్రధాని ఇందిరాగాంధీకి ఇది రుచించలేదు. గిరి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోకి దిగారు. జులై 20న పదవి వదులుకునే ముందు రోజు, 14 బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం చేశారు. బ్యాంకు ఉద్యోగుల కోసం 15 ఏళ్ల కిందట మంత్రిపదవి వదలుకున్న వ్యక్తికి అది చివరి ముఖ్యమైన సంతకం కావడం విశేషం.

రాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులతో పాటు రాష్ట్రాల శాసనసభ్యులూ ఎన్నుకుంటారు. శాసనసభ్యుని ఓటుకు రాష్ట్ర జనాభాను బట్టి విలువ ఉంటుంది. ఆనాడు తమిళనాడు శాసనసభ్యుని ఓటు విలువ 144. ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ సభ్యులది 125 చొప్పున. కనుక ఏ రాష్ట్రంలో ఏ పక్షం గెలిచిందన్నది ఢిల్లీలో లెక్కకు వచ్చే అంశమైంది. డి.ఎం.కె., అకాలీదళ్, ఉభయ కమ్యూనిస్టు పార్టీలు గిరిని బలపరిచాయి. స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు సి.డి.దేశ్‌ముఖ్‌ను నిలిపాయి. ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయాలన్న ఇందిరాగాంధీ పిలుపుతో కాంగ్రెసు ఓట్లు చీలాయి.

ఆగస్టు 16న పోలింగ్ జరిగింది. 20న లెక్కింపు ఉత్కంఠగా సాగింది. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలుపునకు కావలసిన 4,18,169 ఎవరికీ రాలేదు. దేశ్‌ముఖ్ తదితరుల బ్యాలెట్లలోని రెండవ ప్రాధాన్య ఓట్లను పంచిన తరువాత గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. కావలసిన దానికంటే గిరికి దక్కిన అధికం 1,908 మాత్రమే. ప్రత్యర్థిపై ఆధిక్యం 14,650.

1967లో గెలిచిన 137 మంది డి.ఎం.కె. శాసనసభ్యుల ఓట్ల విలువ లెక్కిస్తే 19,728 అవుతుంది. గిరి ఓట్లలో పెద్దభాగం ఇందిరాగాంధీ వెంట నడిచిన కాంగ్రెసువారివే అయినా, ప్రాంతీయ పక్షాల తోడు లేకుండా ఆ గెలుపు సాధ్యమయ్యేది కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. రాష్ట్రపతి పదవికి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచినది గిరి ఒక్కరే. నవంబరులో కాంగ్రెసు చీలిపోయినప్పుడు ఇందిరాగాంధీ ప్రభుత్వం లోక్‌సభలో నిలవడానికీ ఈ పక్షాల మద్దతే ఆధారమైంది.

సంతకాల బరువు

1969 ఆగస్టు 24న గిరి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఆయన ఎన్నికను సవాలు చేస్తూ దాఖలైన పిటిషన్ విచారణలో స్వయంగా సుప్రీంకోర్టు ముందు సాక్ష్యం ఇచ్చారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అలా సాక్ష్యమివ్వడం అదే ప్రథమం. 1970లో కోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది.

అదే ఏడాది ఉత్తరప్రదేశ్ వ్యవహారం ఆయన ప్రతిష్ఠకు మచ్చ తెచ్చింది. 1969 మధ్యంతర ఎన్నికల్లో 98 స్థానాలు గెలిచిన భారతీయ క్రాంతి దళ్ నాయకుడు చరణ్‌సింగ్ ఇందిరా కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యారు. కాంగ్రెసుతో చెడిన తరువాత ఆయన బలమెంతో శాసనసభలో తేల్చుకునే అవకాశం ఇవ్వకుండానే గవర్నరు బెజవాడ గోపాలరెడ్డి రాష్ట్రపతి పాలనకు సిఫార్సు చేశారు. గిరి అప్పుడు సోవియట్ యూనియన్ పర్యటనలో ఉన్నారు. ఉత్తర్వు కీవ్ నగరానికి వెళ్లింది. అక్టోబరు 1న ఆయన అక్కడే సంతకం చేశారు. ప్రాంతీయ పక్షాల ఓట్లతో గద్దెనెక్కిన రాష్ట్రపతి, విదేశంలో ఉండి ప్రాంతీయ నాయకుని ప్రభుత్వాన్ని తొలగించడం తీవ్ర విమర్శలకు గురి అయింది. మంత్రిమండలి చెప్పినట్లు నడచుకోవడమే రాజ్యాంగ ధర్మమని గిరిని సమర్థించినవారూ ఉన్నారు. మంత్రివర్గంలో ఉండగా నచ్చని నిర్ణయానికి రాజీనామా ఇచ్చిన వ్యక్తి ఇప్పుడు ప్రశ్నించనైనా లేదేమని అడిగినవారూ ఉన్నారు.

ఆ ప్రశ్న 1974 మే నెలలో మరింత పదునుగా ఎదురైంది. జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో లక్షలాది రైల్వే కార్మికులు మే 8 నుంచి 20 రోజుల పాటు దేశవ్యాప్త సమ్మె చేశారు. ఆ సమ్మెకు ముందు నిలిచినది గిరి స్థాపకుల్లో ఒకరైన రైల్వే కార్మికుల ఫెడరేషనే. ప్రభుత్వం సమ్మె చట్టవిరుద్ధమని ప్రకటించి వేలాది మందిని నిర్బంధించింది. కార్మికులు విధులకు తిరిగి వెళ్లక తప్పలేదు. ఖరగ్‌పూర్‌లో బ్రిటిష్ కంపెనీని చర్చలకు రప్పించిన నాయకుడు రాష్ట్రపతి భవన్‌లో ఉండగా, స్వతంత్ర భారత ప్రభుత్వం రైల్వే కార్మికులపై అంతకంటే కఠినంగా వ్యవహరించింది. మరో మూడు నెలలకు ఆయన పదవీకాలం ముగిసింది.

1975లో ఆయనకు భారతరత్న లభించింది. 1980 జూన్‌లో మద్రాసులో ఆయన కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక అధ్యయన సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

ఆయన మరణించిన మూడేళ్లలోపే, 1983 జనవరిలో, తొమ్మిది నెలల వయసున్న తెలుగుదేశం ఆంధ్రప్రదేశ్‌లో అధికారానికి వచ్చింది. 2011లో పశ్చిమ బెంగాల్‌లో తృణమూల్ కాంగ్రెసు వామపక్షాల 34 ఏళ్ల పాలనకు తెరదించింది. 2021 ఎన్నికలకు కొద్ది నెలల ముందు, 2020 డిసెంబరులో, ఆ ప్రభుత్వం తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో ఒకటిగా గుర్తించింది. ఖరగ్‌పూర్ తెలుగువారు చాలాకాలంగా కోరుతూ వచ్చిన గుర్తింపు అది. ఆ కుటుంబాలలో చాలామంది పూర్వులు ఇక్కడకు వచ్చినది బి.ఎన్.ఆర్. కొలువుల కోసమే.